బెత్తెడు దూరంలో పాట: ఏడాదిగా ఎస్ఎమ్58 మైకుతో ఇంటి రికార్డింగ్

ఇంట్లో మొదటి పాట రికార్డు చేసి వినిపించినప్పుడు చెల్లి అన్న మాట ఇది: "అన్నయ్యా, నేనేంటి నూతిలోంచి పాడుతున్నానా?" తను బాగానే పాడింది. నుయ్యి నా గదే.

అప్పటికి నా దగ్గర ఉన్నది ఒక చవక కండెన్సర్ మైకు, అంటే చిన్న చప్పుడు కూడా పట్టేసే సున్నితమైన రకం. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు పూర్తిగా దానిది కాదు. పెట్టెలో స్టాండు, ఊపిరి దెబ్బ ఆపే పాప్ ఫిల్టరు, స్పాంజి తొడుగు అన్నీ కలిపి ఇచ్చారు. చూడ్డానికి అచ్చం స్టూడియో ఫొటోల్లో మైకులాగే ఉంటుంది, నేను పడిపోయింది కూడా ఆ చూపుకే. బిగించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మీట) తిప్పాక గాని తెలియలేదు, నా గదిలో ఇన్ని చప్పుళ్లు కాపురం ఉంటున్నాయని. సీలింగ్ ఫ్యాను, పక్కగదిలో ఫ్రిజ్జు, ల్యాప్‌టాప్ లోపలి బుల్లి ఫ్యాను, వీధిలో ఎవరో గేటు వేసిన మోత, నేను కదిలితే కుర్చీ మూలుగు. వీటన్నిటి మధ్యలో చెల్లి గొంతు, దాని వెనకాలే గోడలకు తగిలి తిరిగొచ్చిన ఇంకో చెల్లి గొంతు.

రెండు నెలలు ఆ నుయ్యిని సాఫ్ట్‌వేర్‌లో పూడ్చాలని చూశాను. నాయిస్ తీసేసే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) వేస్తే ఫ్యాను పోయింది గాని, గొంతు నీళ్లలో మునిగి పాడుతున్నట్టు తయారైంది. గది మోతని అయితే అసలు కదిలించలేకపోయాను. గొంతులో కలిసిపోయిన గదిని మళ్లీ విడదీయడం పాలల్లో కలిసిన నీళ్లని విడదీయడం లాంటిదే. ఇప్పుడు దానికి కొత్త కొత్త ప్లగిన్లు ఉన్నాయి, కొంతవరకు పనిచేస్తాయి కూడా. కానీ చేతిలో డబ్బు లేకే ఇంట్లో మొదలుపెట్టినవాణ్ణి, పొరపాటుని కడగడానికి ఇంకో ఖర్చు ఎందుకు అనిపించింది.

అలా వెతుక్కుంటూ షూర్ ఎస్ఎమ్58 దగ్గరికి వచ్చాను. స్టేజీ మీద గాయకుల చేతుల్లో కనిపించే గుండ్రటి జాలీ తల మైకు, గుర్తుపట్టనివాళ్లు ఉండరు. 1966లో వచ్చిన డిజైను, ఇప్పటికీ అమ్ముతున్నారు. నాకు సరదాగా అనిపించిన సంగతి ఏంటంటే, పేరులోని ఎస్ఎమ్ అంటే 'స్టూడియో మైక్రోఫోన్' అని. స్టూడియో కోసం పేరు పెడితే స్టేజీ ఎత్తుకుపోయింది. నేను మళ్లీ దాన్ని ఇంట్లోకి లాక్కొచ్చాను, అంతే.

ఇది డైనమిక్ మైకు. లోపల పల్చటి పొర, దానికి అంటుకుని సన్నటి తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. గాలి కదిలితే పొర కదులుతుంది, పొరతో పాటు తీగచుట్ట కదులుతుంది, అక్కడ కాస్త కరెంటు పుడుతుంది. బయటి నుంచి పవర్ అక్కర్లేదు. కండెన్సర్లకి కావలసిన, మైకు కేబుల్‌లోంచే వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీట పొరపాటున ఆన్‌లో ఉండిపోయినా, కేబుల్ సరైనదైతే దీనికేమీ కాదు. మొదటి వారంలో నేను మూడుసార్లు అలా వదిలేశాను. ప్రతిసారీ గుండె జారింది గాని మైకు మాత్రం చలించలేదు.

"డైనమిక్ మైకు గదిని పట్టుకోదు" అని అందరూ అంటుంటారు. నేనూ అదే నమ్మి కొన్నాను. వాడగా వాడగా అర్థమైంది, ఆ మాట సగమే నిజం. ఎస్ఎమ్58ని మూరెడు దూరంలో పెట్టి, గెయిన్ బాగా పెంచి పాడించి చూశాను. నుయ్యి మళ్లీ ప్రత్యక్షం. మైకు చెవిటిది కాదు. దీన్ని పెదవులకి ఎంత దగ్గరగా పెట్టినా తట్టుకుంటుంది, అసలు కిటుకు అదీ. జాలీ లోపల స్పాంజి ఉంటుంది కాబట్టి ప, బ, ఫ లాంటి అక్షరాల దగ్గర ఊపిరి దెబ్బ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. నా పాత కండెన్సర్ ముందు అంత దగ్గరగా నిలబడితే ప్రతి 'ప'కీ బాంబు పేలేది. అందుకే జానెడు, అంతకంటే ఎక్కువ దూరం జరిగేవాళ్లం, ఆ ఖాళీలోకి గది వచ్చి కూర్చునేది.

లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. జానెడుకి మూడు బెత్తెలు. జానెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి వస్తే, నోటికీ మైకుకీ మధ్య దూరం మూడోవంతు అవుతుంది. నేరుగా వచ్చే గొంతు సుమారు 9 డీబీకి (డెసిబెల్, శబ్ద స్థాయిని కొలిచే యూనిట్) పైగా పెరుగుతుంది. గోడల నుంచి తిరిగొచ్చే మోత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంటే గెయిన్ ఆ మేరకు తగ్గించుకోవచ్చు, దాంతో పాటు గదీ ఫ్యానూ అంత కిందికి దిగుతాయి. ఒక్క పైసా ఖర్చు లేకుండా 9 డీబీ. ఏ నాయిస్ ప్లగిన్నూ గొంతుని పాడుచేయకుండా నాకు ఇంత ఇవ్వలేదు.

ఇప్పుడు చెల్లికి నేను చెప్పే సూచన ఒక్కటే. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టు, ఆ మందమే దూరం. పైస్థాయిలో గట్టిగా పాడే చోట మాత్రం తనే కాస్త వెనక్కి తగ్గుతుంది. మొదట్లో ఇది కష్టమైంది. పాటలో లీనమైతే తల ఊగుతుంది, తల ఊగితే గొంతు రంగు మారుతుంది. ఇంత దగ్గరగా పాడినప్పుడు కింది స్వరాలు ఉబ్బుతాయి, ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు దాన్ని. చెల్లి సన్నటి గొంతుకి అది వరమైంది, కాస్త నిండుతనం వచ్చింది. నా గొంతుకి మాత్రం శాపం. నేను పాడితే డబ్బాలో తల పెట్టి పాడినట్టు ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, 250 దగ్గర 3 డీబీ తగ్గిస్తే గాని మనిషి గొంతులా లేదు.

ఇంకో సంగతి, ఇది కార్డియాయిడ్ మైకు. ముందున్నది బాగా వింటుంది, వెనకున్నది అతి తక్కువగా వింటుంది. తెలిసిన విషయమే, కానీ దీన్నుంచి రెండు పనులు నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఒకటి, ల్యాప్‌టాప్ మైకు వెనకవైపు, అంటే కేబుల్ దిగే వైపు ఉండాలి. నేను మొదట పక్కన పెట్టుకునేవాణ్ణి, స్క్రీను చూడ్డం సులువని. రెండోది ఎవరూ చెప్పలేదు. దుప్పట్లు వేలాడదీయాల్సింది పాడేవాళ్ల వెనక గోడకి. మైకు చూసేది పాడేవాళ్లని, వాళ్ల భుజాల మీదుగా వెనక గోడని. అందరిలాగే నేనూ మైకు వెనక చిన్న నురుగు కవచం పెట్టి, అసలు గోడని వదిలేశాను. ఇప్పుడు చెల్లి బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, దానికి వీపు పెట్టి నిలబడుతుంది. వేలాడే బట్టలకి మించిన చవక సరుకు ఇంకోటి లేదు. గుడ్ల అట్టలు అంటించాలని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. అంగుళం మందం నురుగు పలకలు కూడా పైస్థాయి శబ్దాల్నే మింగుతాయి. 100 హెర్ట్జ్ స్వరం ఒక్క అలే 3.4 మీటర్ల పొడవుంటుంది, దానికి అంగుళం నురుగు ఏ మూలకి?

మైకు ఎంత బాగున్నా దీని అసలు పరీక్ష ఇంటర్‌ఫేస్ దగ్గర, అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా దగ్గర. ఎస్ఎమ్58 సిగ్నల్ చాలా చిన్నది. గట్టిగా మాట్లాడే స్థాయి కన్నా హెచ్చు, 94 డీబీ శబ్దానికి అది ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. కండెన్సర్లు మామూలుగా 10 నుంచి 20 ఇస్తాయి. అంటే ఇంటర్‌ఫేస్‌లో సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ దీనికోసం ఇంకో 15, 20 డీబీ ఎక్కువ శ్రమపడాలి. నా మొదటి ఇంటర్‌ఫేస్ చవకది, గెయిన్ మీటని చివరిదాకా తిప్పితే సుయ్‌మంటూ ఒక హోరు. పాటలో వాయిద్యాలు ఉన్నప్పుడు వినబడదు గాని, పల్లవికి ముందు ఒంటరి ఆలాపనలో దొరికిపోయేది. చరణం గుసగుసగా పాడాల్సిన పాట ఒకటి ఆ హోరు వల్లే మూలన పడింది.

దీనికి విరుగుడుగా మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే బూస్టర్ డబ్బాలు ఉన్నాయి, ఫాంటమ్ పవర్‌తో నడిచి 20, 25 డీబీ కలుపుతాయి. నేను కొనబోయి ఆగాను. లెక్క వేసి చూస్తే, ఆ డబ్బా డబ్బుకి ఇంకాస్త వేసి, పాతది అమ్మేస్తే, మంచి ప్రీయాంప్ ఉన్న ఇంటర్‌ఫేసే వస్తోంది. అదే చేశాను. మీరు ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, అంటే సెకనుకి లక్షా తొంభై రెండు వేల శాంపిల్స్ (శబ్దం కొలతలు), దాన్ని పట్టించుకోకండి. లోపలి వివరాల్లో మైక్ గెయిన్ రేంజ్ ఎంతో వెతకండి. డైనమిక్ మైకుకి 55, 60 డీబీ దాకా ఉంటే నిశ్చింత. 192 నేను ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా వాడలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ (ఒక్కో కొలత సూక్ష్మత). చాలు.

24 బిట్ ఎందుకంటే నా తలబిరుసు పని ఒకటి చెప్పాలి. సిగ్నల్ ఎంత పెద్దగా వస్తే అంత మంచిదని ఎక్కడో విని, మీటరు ఎరుపుని ముద్దాడేలా పెట్టేవాణ్ణి. చెల్లి ఒక చరణం అద్భుతంగా పాడింది, మళ్లీ అలా పాడలేదు కూడా. రెండు చోట్ల పగిలిపోయింది. డిజిటల్‌లో పగిలింది పగిలినట్టే. 16 బిట్‌కి నిశ్శబ్దం నుంచి గరిష్ఠం దాకా 96 డీబీ చోటుంటే, 24 బిట్‌కి కాగితం మీద 144. అంత ఖాళీ పెట్టుకుని పైకప్పుకి తల కొట్టుకోవడం ఎందుకు? ఇప్పుడు గట్టి స్వరాలు కూడా మీటరు మీద మైనస్ 12 డీబీ, అంటే గరిష్ఠానికి 12 డీబీ కింద, దాటకుండా పెడుతున్నాను. ఆ చరణం మాత్రం పోయినట్టే. చెల్లి ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పాటలు వినే విన్‌యాంప్ ప్లేయర్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ కంపెనీదే ఇది. 60 రోజులు ఏ కత్తిరింపూ లేకుండా పూర్తిగా వాడి చూడొచ్చు, సొంతానికి వాడుకునేవాళ్లకి తక్కువ రేటు లైసెన్సు వేరే ఉంది, సాఫ్ట్‌వేర్ మాత్రం రెంటికీ ఒకటే. నా పాత ల్యాప్‌టాప్ మీద ఆయాసపడకుండా నడుస్తుంది. పైన చెప్పిన కోతలన్నీ దానితో వచ్చే రీఈక్యూతోనే చేస్తున్నాను, గట్టి, మెల్లని భాగాల తేడా తగ్గించే కంప్రెసర్ కూడా దానిదే. రావాల్సినవి అన్నీ వస్తాయి, వాయిద్యాల శబ్దాలు మాత్రం రావు. డ్రమ్సు, పియానో బయట ఉచితంగా దొరికేవి తెచ్చి పెట్టుకోవాలి. యాపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్లు అసలు వెతుక్కోనే అక్కర్లేదు, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, అందులో వాయిద్యాలూ ఉన్నాయి. 2023లో వచ్చిన రీపర్ 7లో ఒకే ట్రాకులో లేన్లు వచ్చాయి. చెల్లి పల్లవిని ఆరుసార్లు పాడితే, ఆరూ ఒకదాని కింద ఒకటి పరుచుకుంటాయి. ఏ ముక్క ఏ టేకులోంచి కావాలో నొక్కి ఏరుకోవడమే. ఇంతకుముందు ఈ అతుకుల పనికి నాకు ఒక సాయంత్రం పట్టేది.

ఒక్క చిక్కు మాత్రం కొత్తవాళ్లందరికీ తగులుతుంది, బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒకేసారి ఎంత ముక్కగా తీసుకుంటుందో ఆ కొలత. చెల్లి తాళం తప్పుతోందని రెండు రోజులు తనతో గొడవపడ్డాను. "నేను సరిగ్గానే పాడుతున్నాను, నీ హెడ్‌ఫోన్సే ఆలస్యంగా పాడుతున్నాయి" అంది. తనదే రైటు. బఫర్ 1024 శాంపిల్స్‌లో ఉంది. 48 వేలతో భాగిస్తే 21 మిల్లీసెకన్లు, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. తన గొంతు తనకే వెనకబడి వినిపిస్తుంటే ఎవరు మాత్రం తాళంలో పాడగలరు? 128కి దించితే ఒక్కోవైపు 3 మిల్లీసెకన్ల లోపుకి వచ్చింది. విండోస్ వాడేవాళ్లు ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవరు తప్పకుండా వేసుకోండి, లేకపోతే ఈ అంకెలు మార్చినా లాభం ఉండదు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే ఇంకా సుఖం, గొంతు కంప్యూటర్లోకి వెళ్లి రాకుండానే నేరుగా చెవికి చేరుతుంది. మిక్సింగ్ చేసేటప్పుడు బఫర్‌ని మళ్లీ 1024కి పెంచేస్తాను, ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

హెడ్‌ఫోన్స్ చెవిని పూర్తిగా మూసేవి అయితే చాలు, ఇంకేం చూడక్కర్లేదు మొదట. గాలి ఆడేవాటిలోంచి తాళం కోసం పెట్టుకునే క్లిక్కు బయటికి కారి మైకులోకి వస్తుంది.

ఇక ఎస్ఎమ్58 చేయలేనివి. కంపెనీ ఇచ్చిన వివరాల్లోనే ఉంది, దీని పరిధి 50 నుంచి 15,000 హెర్ట్జ్. పైన ఉండే ఆ సన్నటి మెరుపు, గాలి తగిలినట్టుండే ఆ విప్పారడం దీని దగ్గర ఉండదు. చెల్లి గొంతుకి 10 వేల దగ్గర కాస్త ఎత్తితే సరిపోయింది. నా అకూస్టిక్ గిటారుకి సరిపోలేదు. తీగ మీటిన చోట ఉండాల్సిన మిలమిల పోయి, దుప్పటి కప్పి వాయించినట్టు వచ్చింది. గిటారు గొంతులా గట్టిగా మోగదు, మైకుని తీగలకి ఆనించలేం, మళ్లీ గెయిన్ పెంచాలి. ఏ దారిన వెళ్లినా ఆ హోరు దగ్గరికే. అందుకని నా పాత కండెన్సర్‌ని అటక మీంచి దించాను. గిటారుకి మాత్రం, ఫ్యాను ఆపి, వీధి సద్దుమణిగాక. 12వ ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డపట్టీ) దగ్గరికి గురిపెట్టి జానెడు దూరంలో పెడితే బాగుంది, అన్యాయం చేయకూడదు కదా, చాలా బాగుంది.

మీరు పాడరు, వాయిద్యాలే రికార్డు చేస్తారు అనుకుంటే ఎస్ఎమ్57 చూడండి. 58 కంటే ఏడాది ముందు, 1965లో వచ్చింది. లోపలి సరుకు దాదాపు అదే కుటుంబం, గుండ్రటి జాలీ ఉండదు, కాబట్టి యాంప్లిఫయర్‌కో డ్రమ్ముకో మరింత దగ్గరగా పెట్టొచ్చు. గొంతుకి వాడాలంటే మాత్రం పాప్ ఫిల్టరు వేరే కావాలి. యూఎస్‌బీ మైకు సంగతి కూడా అడుగుతారు చాలామంది. ఒక్కరే పాడుకునేవాళ్లకి తప్పేం లేదు, ఇంటర్‌ఫేస్ ఖర్చు తప్పుతుంది. కానీ రేపు రెండో మైకు కలపాలంటే తలనొప్పి, ఇంకా మంచి ప్రీయాంప్‌కి మారాలన్నా మైకే మార్చాలి. నేను అందుకే ఆ దారి పట్టలేదు.

నాది సెకండ్‌హ్యాండ్‌ది. గట్టి సరుకు కాబట్టి పాతది కొనడంలో భయం లేదు. భయం అంతా నకిలీలతో. ఈ మైకుకి ఉన్నన్ని నకిలీలు చాలా తక్కువ మైకులకి ఉంటాయి, పైకి చూసి పోల్చుకోవడం కష్టం. అసలు బరువు 298 గ్రాములు. అమ్మేవాళ్ల ముందే బుల్లి తూకం మిషను తీసి దానిమీద పెట్టాను. ఆయన నన్ను వింతగా చూశారు, చూస్తే చూశారు. 297 చూపించింది. బరువు సరిపోతే అసలుదేనని గ్యారంటీ లేదు, బాగా తేలిపోతే మాత్రం తీసుకోకండి. తర్వాత తెలిసినవాళ్ల కొత్త మైకు పక్కన పెట్టి ఒకే పల్లవిని రెంటిలోనూ పాడించి పోల్చుకున్నాను. తేడా పట్టుకోలేకపోయాను.

ఏడాదిలో రెండుసార్లు కింద పడింది. జాలీకి ఒకవైపు సొట్ట. పాడినవాళ్ల ఎంగిలి పేరుకుంటుంది కాబట్టి జాలీ మర తిప్పి తీసి, కడిగి, బాగా ఆరబెట్టి మళ్లీ బిగిస్తాను. కేబుల్ మాత్రం రెండోది. మొదటిది ఏ పెట్టెతోనో ఉచితంగా వచ్చింది, కదిలితే చాలు చరచరమనేది. ఆ చరచర మైకుదే అనుకుని ఒక వారం టెన్షన్ పడ్డాను.

ఇప్పుడు నా మిగిలిన బాధ స్టాండు ఒక్కటే. ఆ మొదటి పెట్టెలో వచ్చిన సన్నకాళ్లదే ఇంకా వాడుతున్నాం. 58 బరువుకి పాట మధ్యలో మెల్లగా తల వంచుతుంది, చెల్లి కూడా దానితో పాటే వంగుతూ పాడుతుంది. కాళ్ల మీద డంబెల్ పెట్టి, మెడకి టేపు చుట్టి నడిపిస్తున్నాను. వచ్చే నెల డబ్బు దానికే.